గరాజ్ గుమ్మంలో అత్తగారి బొమ్మ

పోయిన శనివారం ఇక్కడ టెక్సాస్ ప్లేనోలో తెలుగువాళ్ళ ఉత్సవం జరిగితే మా అమ్మాయి నన్ను కారులో తీసుకెళ్ళి దింపింది. హాలు బయట వరండా పొడుగునా పిల్లలు వేసిన బొమ్మలు పెట్టారు. నెమళ్ళు, వేంకటేశ్వరస్వామి, తామరపూలు, బుద్ధుడు, అన్నీ చక్కగా ఫ్రేములు కట్టి, ఒక్కో బొమ్మ పక్కన అది వేసిన బిడ్డ ఫోటో అతికించి ఉంది. తల్లిదండ్రులు వచ్చి తమ పిల్ల బొమ్మ దగ్గర నిలబడి నాలుగు ఫోటోలు తీసుకుని, బిర్యానీ వరసలోకి వెళ్ళిపోతున్నారు. పక్క బొమ్మ వైపు తల తిప్పినవాళ్ళు నాకు కనబడలేదు. మన వయసుకి మోకాళ్ళు ఎక్కువసేపు నిలబడనివ్వవు గనక గోడవారగా ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. లోపల మైకులో ఎవరివో బిరుదులు చదువుతున్నారు. ఉన్నట్టుండి ఐయోవాలో మేము కాపురమున్న చిన్న ఊరూ, ఆ ఊరి బొమ్మల గదీ, ఆ గది గోడ మీద ఒక వసంతకాలం కొద్దిరోజులు మాత్రం ఉన్న మా అత్తగారి బొమ్మా కళ్ళముందుకొచ్చాయి.

ఆ ఊరి పేరు చెప్పినా మీకెవరికీ తెలియదు. ఒక నది, దాని ఒడ్డున వ్యవసాయ యంత్రాల భాగాలు చేసే ఫ్యాక్టరీ, నడిబొడ్డున కోర్టు భవనం, దాని చుట్టూ సగం మూతబడిన దుకాణాలు, ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న. రెండువేల ఒకటిలో మా వారికి ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం దొరికితే వెళ్ళాం. పప్పూ బియ్యం కావాలంటే గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ పోవాలి. తర్వాత రెండేళ్ళకి మా మరిది కూడా అక్కడే చేరాడు, పెళ్ళి చేసుకుని మా తోటికోడల్ని తీసుకొచ్చాడు, మా వీధి చివరే ఇల్లు తీసుకున్నాడు. చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ళలో కలిపి గుప్పెడు తెలుగు కుటుంబాలుండేవి. ఉగాదికి చర్చి అడుగున ఉన్న భోజనాల గది అడిగి పుచ్చుకునేవాళ్ళం. ఆ చర్చి పాస్టరుగారు మొహమాటానికి ఉగాది పచ్చడి తిని, వేపపువ్వు పంటికింద పడ్డప్పుడు కూడా నవ్వు చెదరనివ్వకుండా నిలబడేవాడు. వేసవిలో కోర్టు ముందు పచ్చిక మీద ఊరి పండుగ జరిగేది. ముసలివాళ్ళు మెడకి తగిలించుకునే హార్మోనియంలాంటి అకార్డియన్లు వాయించేవారు, వాళ్ళ ఆడవాళ్ళు తాతలు వదిలివచ్చిన దేశపు మిఠాయిలు అమ్మేవారు, ఒక మూల మేము సమోసాల బల్ల వేసేవాళ్ళం, మా పిల్లలు కోలాటం ఆడేవాళ్ళు. ఎండలో కుర్చీలు వేసుకుని కూర్చున్న రైతులు ఆ కోలాటాన్ని ఎంత శ్రద్ధగా చూసేవారంటే, మా పిల్లలు అడుగు తప్పినప్పుడు నాకు సిగ్గేసేది.

నేను ఊరి లైబ్రరీలో పనిచేసేదాన్ని. లైబ్రరీ ఎదురుగానే, ఒకప్పుడు చెప్పుల దుకాణంగా ఉండి మూతబడిన గదిలో, హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ బొమ్మల కేంద్రం నడిపేది. పొడుగ్గా, సన్నగా, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టుతో, ఎప్పుడూ మగవాళ్ళ చొక్కా వేసుకుని ఉండేది. మా చిన్నప్పుడు బళ్ళో టీచరుని ఎంత భయంగా చూసేవాళ్ళమో, ఊళ్ళో యాభై ఏళ్ళవాళ్ళు కూడా ఆవిడని అలా చూసేవారు. ఏటా మంచు కరిగాక ఆ గదిలో ప్రదర్శన పెట్టేది. నియమం ఒక్కటే. ఆ జిల్లాలో ఉండే ఎవరైనా సరే ఒక్క వస్తువు తెచ్చి గోడకి పెట్టుకోవచ్చు, కాదనడం ఉండదు. గుడ్డముక్కలు కలిపి కుట్టిన దుప్పట్లు, చెక్క బాతులు, ఎర్రరంగు గాదెలు, చచ్చిపోయిన కుక్కల బొమ్మలు, కొడుకు నడిపిన ట్రాక్టరు బొమ్మ, అన్నీ ఒకే గోడ మీద ఉండేవి. అందులో గొప్పవి తక్కువే. కానీ మొదటిరోజు సాయంత్రం ఊరంతా వచ్చేది. ఒక్కో బొమ్మ ముందు నిలబడి, ఇది ఎవరి గాదె, ఏ గాలివానకి కూలింది, ఆ పక్క చెట్టు ఎందుకు వెయ్యలేదు అని తీరిగ్గా మాట్లాడుకునేవారు. ఆ నిలబడి చూడడం నేను మరెక్కడా చూడలేదు.

మా తోటికోడలికి అక్కడ ఉద్యోగం చేసే వీసా లేదు. ఎమ్మెస్సీ జువాలజీ చదివిన పిల్ల. విజయవాడ హాస్టల్లో గది నిండా అమ్మాయిలకి రికార్డుల్లో కప్పల బొమ్మలూ బొద్దింకల బొమ్మలూ వేసిపెట్టేదట. నవంబరు నుంచి మార్చి దాకా ఆ ఊళ్ళో ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మొదటి చలికాలం అయ్యేసరికి ఆ అమ్మాయి మాట తగ్గిపోయింది. మూడోదానికి నేనే తీసుకెళ్ళి టీచరమ్మ క్లాసులో కూర్చోబెట్టాను. టీచరమ్మ ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. రెండు వారాలయ్యాక ఇంటి నుంచి ఒక బల్లదీపం తెచ్చి మా తోటికోడలు కూర్చునే చోట పెట్టింది, అంతే. ఆ ఏడాది నుంచి ఆ అమ్మాయి ఇంట్లో మళ్ళీ కూనిరాగాలు వినబడ్డాయి.

మామగారు పోయి ఏడాది మాసికాలన్నీ అయ్యాక, అన్నదమ్ములిద్దరూ కలిసి అత్తగారిని ఆరునెలలకి అమెరికా రప్పించారు. మా ఇంట్లో మెట్లెక్కువని మరిది ఇంట్లోనే ఉండేది. బాపట్లలో వాళ్ళ ఇల్లు స్టేషనుకి పోయే దారిలో ఉంటుంది. వీధరుగు మీద కూర్చుంటే చాలు, ఏ బండికి ఎవరు దిగారో, ఎవరి పిల్లకి సంబంధం చూడటానికి వచ్చారో, ఏ లాయరుగారు కేసు ఓడిపోయి తల వంచుకుని పోతున్నాడో, లోకమంతా ఎదురుగా నడిచిపోయేది. అలాంటి మనిషికి ఇక్కడ వీధిలో ఒక్క పురుగు కనబడదు. వచ్చిన పది రోజులకే అడిగింది, “ఈ ఇళ్ళల్లో మనుషులుండారా, లేకపోతే కట్టి వదిలేశారా?” అని.

ఒక రోజు కారు పెట్టుకునే గరాజ్ తలుపు ఎత్తే బటన్ ఎక్కడుందో కనిపెట్టింది. ఇక అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ బటన్ నొక్కి, తలుపు పైకి లేచాక, ఒక మడతకుర్చీ సరిగ్గా గుమ్మంలో వేసుకుని కూర్చునేది. నేత చీర మీద కొడుకు పాత గోధుమరంగు చలి జాకెట్టు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, వాటి మీద బాపట్ల నుంచి తెచ్చుకున్న హవాయి చెప్పులు. వెనక కారు టైర్లు, మంచు తోసే పార, గడ్డి కోసే మిషను. ముందు ఖాళీ రోడ్డు. ఇంట్లో వెచ్చగా కిటికీ దగ్గర కూర్చోవచ్చు కదా అత్తయ్యా అని నేనంటే, “కిటికీలోంచి చూస్తే ఆస్పత్రిలో ఉన్నట్టుంటది పెద్దమ్మాయ్. ఇక్కడ కూర్చుంటే వీధిలో ఉన్నట్టుంటది” అంది. మా మరిదికి అది బొత్తిగా నచ్చేది కాదు. హీటంతా బయటికి పోతోందమ్మా, జనం చూస్తే ఏమనుకుంటారు అని సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గొడవ. “జనం ఉంటే గదరా అనుకోటానికి” అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అదే కుర్చీ, అదే చోటు.

అలా కూర్చున్న అత్తగారిని మా తోటికోడలు బొమ్మ వెయ్యడం మొదలుపెట్టింది. రెండో కుర్చీ తెచ్చి ఎదురుగా, చలిగాలిలోనే, వేళ్ళ చివర్లు కత్తిరించిన గ్లోవ్స్ వేసుకుని కూర్చునేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. అత్తాకోడళ్ళు అలా గంటల తరబడి ఎదురెదురుగా, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఫిర్యాదు లేకుండా కూర్చోవడం మన ఇళ్ళల్లో ఎంతమంది చూశారో నాకు తెలియదు. మామగారు పోయిన రోజు సంగతి ఆవిడ ఆ అమ్మాయికే చెప్పిందట, మాకెవరికీ చెప్పలేదు. ఏం చెప్పిందని నేనూ అడగలేదు. కాగితాల మీద వేసుకున్నవాటిని చూసుకుంటూ ఆ అమ్మాయి చలికాలమంతా బేస్‌మెంట్‌లో కాన్వాసు మీద రంగులు వేసింది. అత్తగారు కిందికి దిగి చూస్తానని ఒక్కసారీ అనలేదు.

ఆ బొమ్మ గురించి చెప్పమంటే నాకు మాటలు చాలవు. బొమ్మ చాలామటుకు చీకటే, గరాజ్ లోపలి చీకటి. ఆ చీకటి అంచున, వెలుతురు పడే చోట, పెద్ద జాకెట్టులో చిన్నదైపోయిన మనిషి. చేతులు జాకెట్టు పొడుగు చేతుల్లో దాగిపోయాయి. చెప్పుల్లోంచి మేజోళ్ళు ముడతలు పడి కనబడుతున్నాయి. ముఖం మాత్రం కన్నీళ్ళ ముఖం కాదు, బాధపడుతున్న ముఖం కూడా కాదు. ఎవరో వస్తారని చూసి చూసి, రారని తెలిసిపోయాక, అయినా చూపు తిప్పుకోవడం మరిచిపోయిన ముఖం. పేరు పెట్టమంటే చీటీ మీద ‘మా అత్తగారు’ అని మాత్రమే రాసింది.

ఆ ఏటి ప్రదర్శనలో దానికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతంటే ఒక నీలం రిబ్బను. మొదటి సాయంత్రం అన్నదమ్ములిద్దరికీ ఫ్యాక్టరీలో పని ఉండి రాలేదు. తోటికోడలు ముందే వెళ్ళింది, అత్తగారిని నేనే తీసుకెళ్ళాను. పట్టుచీర కట్టుకుంది, దాని మీద ఆ చలి జాకెట్టు వేసుకోనంది. గదిలో అడుగు పెట్టేసరికి జనం ఆ బొమ్మ ముందు గుంపుగా ఉన్నారు. ఒకావిడ వెనక్కి తిరిగి అత్తగారిని చూసి, మళ్ళీ బొమ్మని చూసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది. అందరూ అలా జరిగారు. అత్తగారు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పమిట సర్దుకుంది. తర్వాత ఒక్కొక్కళ్ళూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో అన్ని నెలల్లో మా ఇంటివాళ్ళు కాకుండా ఆవిడని ముట్టుకున్న మనుషులు వాళ్ళే.

ఒక ముసలి రైతు భార్య మటుకు చెయ్యి వదలకుండా ఏదో చెబుతూనే ఉంది. “ఏమంటంది?” అని అత్తగారు నన్ను అడిగింది. వాళ్ళమ్మ పెళ్ళయి పరాయి దేశం నుంచి ఇక్కడి పొలానికి వచ్చిందట, ఇంగ్లీషు రాదట, చలికాలంలో గాదె గుమ్మంలో ఇలాగే కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేదట అని చెప్పాను. అత్తగారు ఆ ముసలావిడ వైపే చూస్తూ, “వాళ్ళమ్మ మళ్ళీ వాళ్ళ ఊరు ఎళ్ళిందా, అడుగు” అంది. అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను తెలుగులో చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

తిరిగి వస్తుంటే కారులో అత్తగారు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది, “నా మొహం అట్టా ఉంటదని నాకు తెలీదు. అచ్చం మా అమ్మలాగుండా.” మళ్ళీ, “బాగుంది. అబద్ధం లేదు” అంది. ఇల్లు చేరాక కోడలి తల మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. ఆ అమ్మాయికి అదే అసలు బహుమతి. ఆ సాయంత్రం ఇద్దరి ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తే. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

ఆ వారం ఊరి పత్రికలో ఫోటో పడింది. గోడ మీద బొమ్మ, పక్కన మా తోటికోడలు. పక్క ఊళ్ళో ఉండే తెలుగు డాక్టరుగారి భార్య దాన్ని స్కాన్ చేసి తెలిసినవాళ్ళందరికీ ఈమెయిల్ చేసింది. మంచికే చేసింది, మన అమ్మాయికి బహుమతి వచ్చిందనే చేసింది. అది చేతులు మారి మారి హైదరాబాదులో మా ఆడపడుచు దాకా పోయింది. ఆవిడ పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఏడుపు. “అమ్మని కార్ల షెడ్డులో కూర్చోబెట్టారా వదినా? ఆ జాకెట్టేంటి? ఇంట్లో చోటు లేకపోతే నా దగ్గరికి పంపించండి, నాకు బరువా!” అంది. కాదమ్మా, ఆవిడే కూర్చుంటుంది, ఇష్టమై కూర్చుంటుంది అని నేనెంత చెప్పినా వినలేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఫ్యాక్టరీలో తగిలింది. మా మరిదికి పై మేనేజరు, పాపం మంచివాడే, పిలిచి మీ అమ్మగారు క్షేమమేనా, ఏదైనా సాయం కావాలా అని మెల్లగా అడిగాడట. మరిది ఆ మాటకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంటికి వచ్చాడు.

ఆదివారం అందరం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మరిది మనసులో మాట బయటపెట్టాడు.

“ఆ బొమ్మ రేపు తీసేయించు” అన్నాడు పెళ్ళాంతో.

“ప్రదర్శన ఇంకా ఉంది కదా” అంది ఆ అమ్మాయి.

“ఉంటే? ఊరంతా నన్ను అమ్మని చలిలో పడేసిన కొడుకులా చూస్తోంది. నువ్వు చేసిన పనేంటో నీకు అర్థమవుతోందా? టెన్నిస్ కోర్టు దగ్గర, పూలతోటలో, జలపాతం దగ్గర ఎన్ని ఫోటోలు తీశాం! అవి వెయ్యొచ్చుగా?”

“అత్తయ్యగారు రోజూ అక్కడ కూర్చుంటారు. నేను కూర్చోబెట్టలేదు. చూసిందే వేశాను.”

నేను ఉండబట్టలేక, “ఆ బొమ్మ ఎవరిదో ఆవిడనే అడగరాదూ?” అన్నాను మరిదితో. మా వారు నా వైపు చూసి, తీసేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు అన్నారు. అప్పుడు అత్తగారు, కంచంలో అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, “అది నా బొమ్మరా. నాకు నచ్చింది. ఉండనీ” అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

“నీకు తెలీదమ్మా. వీళ్ళు ఎట్లా చూస్తారో నీకు తెలీదు” అన్నాడు మరిది.

ఆవిడ మళ్ళీ అన్నం కలుపుకుంది. మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడుక్కుంది.

సోమవారం మా తోటికోడలు వెళ్ళి బొమ్మ తెచ్చేసింది. టీచరమ్మ అడ్డుపడలేదట, కారణం కూడా అడగలేదట. తనే కాగితం చుట్టి, కారు దాకా మోసుకొచ్చి పెట్టిందట. కానీ గోడ మీద ఆ ఖాళీలో మరేదీ పెట్టలేదు. ప్రదర్శన అయ్యేదాకా మేకు అలాగే ఉంది, దాని కింద ‘మా అత్తగారు’ అన్న చీటీ అలాగే ఉంది. మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వెళ్ళి చూస్తే, ఎవరో ఒకరు ఆ ఖాళీ గోడ ముందు నిలబడి ఉండేవారు. రైతు భార్య ఒకసారి నన్ను ఆపి, ఆవిడ వెళ్ళిపోయిందా అని అడిగింది. ఇంట్లోనే ఉందని చెప్పాను.

ఇంట్లోనే ఉంది. గరాజ్ బటన్ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, ఆవిడే మానేసింది. అప్పటికి ఎండలు కూడా కాస్తున్నాయి, కావాలంటే హాయిగా కూర్చోవచ్చు. మడతకుర్చీ గోడకి ఆనించి ఉండేది, ఆవిడ లోపల సోఫా చివర కూర్చుని కంప్యూటరులో కొడుకు పెట్టిచ్చిన సీరియల్ చూసేది. చూసేదో లేదో. మా మరిది మనసు తేలికపడింది, అమ్మ అలవాటు పడిందని అందరికీ చెప్పుకున్నాడు. ఇంకా గడువు ఉండగానే, పంటి నొప్పి, ఇక్కడ ఖర్చు అని ఏదో వంక పెట్టుకుని ఆవిడ టికెట్ ముందుకి మార్పించుకుంది. విమానాశ్రయంలో మా తోటికోడలి చెయ్యి పట్టుకుని, “బొమ్మలు మానమాక” అంది. ఆ అమ్మాయి తల ఊపింది.

కానీ మానేసింది. అంటే, అత్తగారు వెళ్ళిన కొన్నాళ్ళకి నేను వాళ్ళ బేస్‌మెంట్‌లోకి దేనికో వెళ్తే, ఆ కాన్వాసు మొత్తానికి తెల్లరంగు పూసి ఆరబెట్టి ఉంది. ఇదేమిటమ్మా అంటే, “కాన్వాసు వృథా ఎందుకక్కా” అంది, నా వైపు చూడకుండా. దాని మీద తర్వాత పొద్దుతిరుగుడు పూల తోట వేసింది. చక్కగానే వేసింది. మరిదికి ఎంతో నచ్చి, తన గదిలో కంప్యూటరు పైన గోడకి తగిలించుకున్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి పూలు వేసింది, పళ్ళు వేసింది, మంచులో ఇళ్ళు వేసింది. మనిషిని మాత్రం వెయ్యలేదు. కొన్నాళ్ళకి అవి కూడా ఆగిపోయాయి.

రెండువేల తొమ్మిదిలో ఫ్యాక్టరీ సగం మూసేశారు. మేము ఇటు టెక్సాస్‌కి వచ్చాం, మరిదివాళ్ళు అటు వర్జీనియా, హెర్న్‌డన్‌కి వెళ్ళారు. గుప్పెడు కుటుంబాలూ గింజల్లా చెదిరిపోయాం. చర్చి గదిలో ఆఖరి ఉగాదికి పాస్టరుగారు మామూలుగానే వచ్చాడు, పచ్చడి మాత్రం ఆయనకి వడ్డించి మేమే తినడం మరిచిపోయాం.

ఆ తర్వాత రెండేళ్ళకి బాపట్లలో అత్తగారు నిద్రలోనే పోయింది. అన్నదమ్ములిద్దరూ పరుగున వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పెద్దకర్మకి పెట్టడానికి పెద్ద ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో వెనక వరసలో నిలబడ్డవి, తల సగం తెగినవి. అమెరికా ఫోటోలు చూద్దామంటే, జలపాతం ముందు నల్లకళ్ళద్దాలు పెట్టించి, టోపీ పెట్టించి, నవ్వమ్మా నవ్వమ్మా అంటే బలవంతాన నవ్వినవి. ఏ ఒక్కటీ ఆవిడలా లేదు. చివరికి వీసా కోసం తీయించిన చిన్న ఫోటోనే పెద్దది చేయించారు. పెద్దది చేసేసరికి ముఖం పలచబడి ఎవరో అపరిచితురాలిలా వచ్చింది. దండ వేశాక మా ఆడపడుచు దాని ముందు కూర్చుని, “ఇది అమ్మ కాదు వదినా” అని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుంటూ, “ఆ షెడ్డులో బొమ్మ, దాంట్లో అమ్మ ఉండేది. అది తెప్పించరాదూ” అంది. మా మరిది విన్నాడు. నేను తల వంచుకుని దీపంలో వత్తి సర్దుతూ ఉండిపోయాను. ఆ బొమ్మ ఇక లేదన్న మాట చెప్పాల్సింది నేను కాదనిపించింది.

హెర్న్‌డన్ తిరిగి వెళ్ళాక మరిది అడిగాడట. ఆ బొమ్మ ఎక్కడ పెట్టావ్ అని. మా తోటికోడలు తర్వాత నాకు ఫోనులో చెప్పింది. “నీ రూములోనే ఉంది, పూల కింద అన్నానక్కా.” అతనికి ముందు అర్థం కాలేదట. అర్థమయ్యాక, పై రంగు గీకేస్తే కింద అమ్మ వస్తుందా అని చిన్నపిల్లవాడిలా అడిగాడట. ఆరిపోయాక రంగు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, గీకితే రెండూ పోతాయి అని ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఏమన్నాడని నేను అడిగాను. “ఆ పూల వైపు వీపు పెట్టి కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు” అంది. కోపంగా చెప్పలేదు, గెలిచినట్టూ చెప్పలేదు. అలిసిపోయినట్టు చెప్పింది. ఇప్పుడు ఆ అమ్మాయికి గ్రీన్ కార్డు వచ్చింది, ఏదో ల్యాబులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. కుంచె పట్టుకుని ఎన్నాళ్ళయిందంటే నవ్వేసి మాట మారుస్తుంది.

కిందటేడు మా వారితో షికాగో నుంచి వస్తూ దారి మళ్ళించి ఆ ఊరు వెళ్ళాను. బొమ్మల కేంద్రం మూతబడింది. అద్దాలకి లోపలి నుంచి కాగితాలు అంటించారు. లైబ్రరీలో నాతో పనిచేసినావిడ చెప్పింది, టీచరమ్మకి మతిమరుపు ముదిరిపోతే వాళ్ళ తమ్ముడు ఏదో వృద్ధాశ్రమంలో పెట్టాడట, దూరమట. ఆ రైతు భార్య పోయి చాలాకాలమయిందట. ప్రదర్శన ఆగిపోయాక ఎవరి గాదెల బొమ్మలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటున్నాయట. మా వారు కారులోనే కూర్చున్నారు. నేను వెనక్కి వచ్చి కారులో కూర్చున్నాక ఆయన రోడ్డు వైపు చూస్తూ, ఆ రోజు నేను తమ్ముణ్ణి ఆపి ఉండాల్సింది అన్నారు. ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం?

ఇప్పుడు మనకి దేనికీ లోటు లేదు. ఇంటి పక్కనే కరివేపాకు దొరుకుతుంది. ఒక్కో ఉత్సవానికి వేలమంది వస్తారు. ప్రతివాళ్ళ ఫోనులోనూ అమ్మ ఫోటోలు వందలకి వందలున్నాయి, అన్నింట్లోనూ అమ్మ నవ్వుతూనే ఉంటుంది. ఒక మనిషి ముఖం ముందు నిలబడి, ఈవిడ ఎవరు, ఏం చూస్తోంది, ఎందుకు ఇలా ఉంది అని అడిగే తీరికే మనకి లేదు. ఆ ఊరివాళ్ళకి ఆ తీరిక ఉండేది. వాళ్ళకి మా భాష రాదు, మా సంగతి తెలియదు, అయినా మా అత్తగారిని సరిగ్గా చూసింది వాళ్ళే. ఆ బొమ్మని కంటితో చూసినవాళ్ళలో మా ఇంటివాళ్ళం ఇద్దరో ముగ్గురో, మిగతా అందరూ ఆ ఊరివాళ్ళు. అప్పటికే వాళ్ళంతా ముసలివాళ్ళు.